ఎర్ర దారం మూట

నేను మోస్తున్న బరువుకు ఒక తేదీ ఉంది. రెండు వేల ఐదు, ఫిబ్రవరి పదమూడు, ఆదివారం. నేటికి మూడేళ్ల పదకొండు నెలల పన్నెండు రోజులు. చేసిన పని నుంచి లెక్క పెట్టాలా, ఆడిన అబద్ధం నుంచి పెట్టాలా అన్నది చాలాకాలం తేల్చుకోలేకపోయాను. పని నుంచి అయితే ఇంకో పది రోజులు కలుస్తాయి. అబద్ధం నుంచే పెడుతున్నాను. పని చేసినప్పుడు నాకు కోపమన్నా ఉంది. అబద్ధం ఆడినప్పుడు అదీ లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. మిగతావాళ్ల పేర్లు మార్చాను. తేదీలు మార్చలేదు.

మాది ఆర్మూర్. నాకు డెబ్బై ఒకటి నడుస్తోంది. మా ఆయన పోయినప్పటి నుంచి మూడెకరాల పసుపు నేనే చూసుకుంటున్నాను. తవ్విన పచ్చి కొమ్ములను పెద్ద కడాయిలో ఉడకబెట్టి, కల్లంలో ఎండబెట్టి, ఆ తర్వాతే మార్కెట్ యార్డుకు పంపుతాం. ఏ కడాయి ఎన్ని గంటలకు పొయ్యి ఎక్కింది, ఎన్ని నిమిషాలకు నురగ కట్టింది, ఎన్ని రోజులు ఎండింది, అన్నీ నోటుబుక్కులో రాసి పెడతాను. కూలివాళ్లు వెనకాల నన్ను గడియారమ్మ అంటారు. నాకు తెలుసు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో కూడా తెలుసు.

సుగుణమ్మ పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది నుంచి మా కల్లంలో పని చేస్తోంది. నాకంటే పద్నాలుగేళ్లు చిన్నది. నన్ను అక్కా అంటుంది. ఆమె కూతురు రూతు మా కల్లంలోనే పాకింది, మా కల్లంలోనే నడిచింది. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. ఆ పిల్ల చదువుకుంది, హోటల్ వంట కోర్సు చేసింది, హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో చెఫ్ అయింది.

పసుపు ఉడికే రోజుల్లో కూలివాళ్ల భోజనం మాదే. పొయ్యి ఎలాగూ మండుతూ ఉంటుంది కనుక పక్కనే ఇంకో పొయ్యి పెట్టి పెసరకట్టు కాస్తాం. వెల్లుల్లి, జీలకర్ర, కొంచెం నెయ్యి, పసుపు. అంతే. అందులో మిగతావన్నీ పసుపుకు తోడు మాత్రమే. కల్లం చారు అంటారు దాన్ని. ఎంత పప్పుకు ఎంత నీళ్లు, ఎంత పసుపు అన్నది కొలిచి నిర్ణయించింది నేను. అది నా వంట అని నేను నమ్మాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి. తర్వాత దీని సంగతి ఇంకొకటి చెప్పాల్సి ఉంది.

రెండు వేల ఐదు మొదట్లో ఒక టీవీ ఛానెల్ వాళ్లు పెద్ద హోటళ్ల వంటవాళ్లకు పోటీ పెట్టారు. రూతు ఎంపికైంది. నాలుగు వారాలు నెగ్గుకొచ్చింది. వారం వారం మా ఇంట్లోనే అందరం కూర్చుని చూసేవాళ్లం. ఐదో వారం పోటీకి కల్లం చారు చేస్తానని కబురు పంపింది. ఇంటి పసుపు కావాలంది. ఆ పసుపు లేకపోతే ఆ చారు రాదని నేనే ఆ పిల్లకు చిన్నప్పుడు చెప్పాను.

నాకు గర్వమే కలిగింది. అబద్ధం చెప్పను, రెండు రోజులు నేల మీద నిలవలేదు. మూడో రోజు టీవీలో రాబోయే వారం ముచ్చట్లు చూపించారు. రూతు ముఖం కనబడింది. వెనక నుంచి ఎవరిదో గొంతు చెప్పింది, ఈసారి రూతు తన తల్లి నేర్పిన వంటతో మీ ముందుకు వస్తోంది అని.

తల్లి నేర్పిన వంట.

ఆ మాట రూతు చెప్పిందా? ఛానెల్ వాళ్లే అల్లారా? ఒక్క ఫోను చేసి అడిగితే తెలిసేది. నేను అడగలేదు. అనుమానం పుట్టాక అడగడం నా వల్ల కాదు. అడిగితే అనుమానం తీరిపోతుందేమోనని భయమా? అప్పుడు అనుకోలేదు, ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ రోజు మాత్రం పాత సంగతులన్నీ వరుసగా పేర్చుకుంటూ కూర్చున్నాను. రూతు వచ్చిన ప్రతిసారీ వంటింట్లో నా చేతుల వైపు చూసేది కదా, అది నేర్చుకోవడమా, దొంగిలించడమా? కిందటి దసరాకు కొలతలు అడిగింది కదా, కాగితం మీద ఎందుకు రాసుకుంది? సుగుణమ్మ ఈ మధ్య పనికి కొత్త చీర కట్టుకొస్తోంది, ఎవరు చూస్తారని? ఇలా పేర్చుకుంటూ పోతే దేనికైనా లెక్క కుదురుతుంది.

ఇక చేసిన పని చెబుతాను.

మా ఇంట్లో రెండు రకాల పసుపు ఉంటుంది. ఒకటి వంటది. ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచింది. రెండోది ఉడకబెట్టనిది. పచ్చి కొమ్ములను చెక్కలుగా కోసి, అలాగే ఎండబెట్టి దంచుతాం. మేము దాన్ని స్నానానికి, పూజకు వాడతాం. సుగుణమ్మ వాళ్లు చర్చికి పోతారు, ముఖానికి పసుపు రాసుకోరు. కానీ ఉడకబెట్టే రోజుల్లో వేడి నీళ్లకు, బూడిదకు కాళ్లు పగులుతాయి. అప్పుడు ఆ పచ్చి పసుపునే నూనెలో కలిపి పగుళ్లకు పెట్టుకుంటారు. అది నాలుక మీద పెడితే చేదు. కూరలో పడితే మట్టి వాసన వస్తుంది. పొడిగా ఉన్నప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

ఫిబ్రవరి మూడు, గురువారం. సుగుణమ్మ మర్నాడు హైదరాబాద్ బస్సెక్కాలి. నేను రెండు మూటలు కట్టాను. ఒకటి ఎర్ర దారంతో, ఒకటి తెల్ల దారంతో. ఎర్రది రూతుకు, తెల్లది నీ కాళ్లకు అని చెప్పాను. ఎర్ర దారం మూటలో పచ్చి పసుపు, తెల్లదాంట్లో వంట పసుపు పెట్టాను.

పొరపాటు కాదు. చేయి తప్పలేదు. రెండు డబ్బాలూ మూతలు తీసి, ఏది ఏదో చూసి, చూశాకే పెట్టాను.

సుగుణమ్మ మూటలు కొంగులో పెట్టుకుంది. విప్పి చూడలేదు. మా దిక్కు ఇళ్లల్లో పెద్దవాళ్లు చేతికిచ్చిన పసుపును వాళ్ల ముందు విప్పరు, వాసన చూడరు. చూస్తే ఇచ్చిన చేతిని అనుమానించినట్టు. రూతు కూడా అంతే చేసిందట. పొయ్యి వెలిగించేదాకా ముడి విప్పలేదట. ఊరందరినీ అనుమానించే నేను, నన్ను ఎవరూ అనుమానించరన్న ఆచారాన్ని ఆసరా చేసుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు అరగంట పట్టింది.

సోమవారం పోటీ జరిగింది. పసుపు వేడి నేతిలో పడగానే రూతుకు తెలిసిపోయిందట. అప్పటికి ఆరు నిమిషాలే మిగిలాయి. పప్పులో సగం పసుపు ముందే పడి ఉంది. మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేదు. రుచి చూసేవాళ్లలో పెద్దాయన ఒక గరిటె నోట్లో పెట్టుకుని, పక్కకు తిరిగి నీళ్లు తాగాడు. కాలేజీ పిల్లలు కూడా చేయని తప్పు అన్నాడు. ఆ ముక్కను తర్వాత మూడుసార్లు టీవీలో చూపించారు. రూతు పోటీ నుంచి బయటికి పోయింది. హోటల్ వాళ్లు ఆ పిల్లను పెద్ద వంటగది నుంచి తీసి, పొద్దున టిఫిన్ల దగ్గర పెట్టారు. అక్కడే రెండేళ్లు ఉంది.

ఇంతవరకు కోపం. ఇక్కడి నుంచి మిగతాది.

ఆ ఆదివారం రూతు ఆర్మూర్ వచ్చింది. నేరుగా మా ఇంటికి, తల్లిని వెంటబెట్టుకుని. నేను వాకిట్లో మంచం మీద కూర్చుని కొమ్ములు ఏరుతున్నాను. రూతు కూర్చోలేదు. చెప్పులు కూడా విడవలేదు. నా ముందే తల్లిని అడిగింది.

"నీ కాళ్లకు పెట్టుకునే పసుపు నాకిచ్చినవ్ గదమ్మా. గా రెండు మూటలు సక్కగ చూసుకోలేకపోయినవా?"

"ఎర్ర దారంది నీకన్నది అక్క. ఎర్రదే ఇచ్చిన బిడ్డా."

రూతు నా వైపు తిరిగింది. "పెద్దమ్మా, నీకు తారీకులు, గంటలు అన్ని యాదికుంటయ్. నువ్వే చెప్పు. నాకు ఏ దారం మూటని చెప్పినవ్?"

నా చేతిలో ఒక కొమ్ము ఉంది. దాన్ని బుట్టలో వేశాను.

"తెల్లదని చెప్పిన బిడ్డా."

సుగుణమ్మ నా ముఖంలోకి చూసింది. నేను నా జీవితంలో చాలా కొలిచాను కానీ ఆ చూపు ఎంతసేపో చెప్పలేను. తర్వాత తల దించుకుని అంది, "గట్లయితే నేనే ఆగమైన గావచ్చు."

రూతు తల్లితో మళ్లీ మాట్లాడకుండా బస్టాండుకు పోయింది. సుగుణమ్మ మంచం పక్కన కింద కూర్చుని, నాతో పాటు కొమ్ములు ఏరింది. చీకటి పడేముందు ఇంటికి పోయింది. మర్నాడు ఎప్పటిలాగే పనికి వచ్చింది.

ఎందుకన్నానా మాట? మూట మార్చినందుకు కారణం చెప్పగలను, అది చెడ్డ కారణమే కానీ కారణం. తెల్లది అన్నందుకు ఏం చెప్పను? నా లెక్క తప్పదని ఊరంతా నమ్ముతారు. ఆ నమ్మకం పోతుందని భయపడ్డానా? అంత చిన్నదా? అంత చిన్నదే అనుకుంటాను.

అప్పటి నుంచి రూతు తన తల్లి చేతి నుంచి ఏదీ తీసుకోలేదు. పచ్చడి పంపితే తిరిగొచ్చేది. తర్వాతి నాలుగు క్రిస్మస్‌లలో రెండింటికే ఇంటికొచ్చింది. వచ్చినప్పుడు తల్లి వండుతుంటే పక్కన నిలబడి డబ్బాలు ఒక్కొక్కటి విప్పి వాసన చూసేదట. ఇది సుగుణమ్మ నాకు నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు. ముప్పై ఏళ్లు పసుపు మధ్య బతికిన మనిషి, కొంగులో మూట పెట్టుకుని నాలుగు గంటలు బస్సులో కూర్చున్న మనిషి, అందులో ఉన్నది పచ్చి పసుపని వాసన పట్టలేదా? పట్టి ఉంటే ఎందుకు ఊరుకుంది? నాకు ఏ రోజుకైనా ఎదురు తిరగడానికి దాచిపెట్టుకుందా?

ఆమెను గమనించడం మొదలుపెట్టాను. ఒకసారి పసుపు దంచుతూ, గీ యేడు పచ్చిది జర ఎక్కువ ఎండబెట్టినవక్కా అంది. ఎందుకంది? ఒకసారి దారం ఉండ అడిగితే తెల్లది తెచ్చి ఇచ్చి, ఎర్రది గావాల్నా అని అడిగింది. ఎందుకడిగింది? అలాంటి మాట విన్న రోజున క్యాలెండర్ మీద చుక్క పెట్టేదాన్ని. మొత్తం నలభై ఒక్క చుక్కలు. చివరికి నేను తప్పు చేసిన మనిషినే నేను కాపలా కాస్తూ బతికాను. ఆమె నా కల్లంలో పని చేసేది, నేను ఆమె ముఖం మీద పని చేసేదాన్ని.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానో కూడా చెప్పాలి.

కిందటి నెల నుంచి టీవీలో ఆ పోటీ మళ్లీ వస్తుందని చూపిస్తున్నారు. కొత్త సీజన్. పాతవాళ్లలో ఓడిన కొందరికి ఇంకో అవకాశం ఇస్తున్నారు, అందులో రూతు ఉంది. ఈసారి ఒక కొత్త నియమం పెట్టారు. ప్రతి చెఫ్ తనకు ఇంట్లో వంట నేర్పిన మనిషిని ఒకరిని తెచ్చుకోవాలి. మొదటి వారం ఆ మనిషి పొయ్యి దగ్గర పక్కనే నిలబడాలి. జనవరి పదకొండున రూతు ఫోను చేసింది. అమ్మను నమ్మలేను పెద్దమ్మా, నువ్వే రావాలె అంది. ఇరవై మూడు శుక్రవారంలోగా పేరు ఇవ్వాలంది.

నాలుగేళ్ల కింద నేను దేనికోసం ఆ పిల్లను ముంచానో అది నా ఇంటికే నడిచొచ్చింది. సుగుణమ్మ నిలబడాల్సిన చోట నేను నిలబడాలి. నేను సంతోషించలేదు. మంచిదాన్ని కనుక కాదు. అనుమానించాను. రూతుకు నిజం తెలిసిపోయిందా? కెమెరాల ముందు నిలబెట్టి అడగాలని పిలుస్తోందా? లేకపోతే తల్లిని కాదని నన్నెందుకు? సుగుణమ్మే చెప్పిందా? వారం రోజులు ఇదే. టీవీలో ఆ ప్రకటన వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించి, రూతు ముఖం మాత్రం చూసేదాన్ని. ఆ కళ్లలో ఏముందో వెతికేదాన్ని. నాలుగైదు సెకన్ల ముఖంలో ఏం దొరుకుతుంది?

వెళితే ఆ వంట నాదని చెప్పాలి కదా. చెప్పడానికి రుజువు ఉండాలని పాత నోటుబుక్కులు దించాను. కల్లం చారు కొలత ఏ ఏడాది రాశానో చూద్దామనుకున్నాను. ఎనభై మూడో సంవత్సరం పుస్తకంలో దొరికింది. నా చేతిరాతే. పప్పు, నీళ్లు, పసుపు కొలతలు ఉన్నాయి. వాటి కింద ఒక వరుస ఉంది. 'సుగుణ చెప్పినట్టు సగం పసుపు ముందు, సగం చివర నేతిలో. ఈసారి రుచి కుదిరింది.'

ఈసారి రుచి కుదిరింది. అంటే అంతకుముందు కుదరలేదు. కొలత నాది, చారును చారు చేసింది ఆమె. రాసింది నేను, మరచిపోయిందీ నేనే. టీవీలో ఆ గొంతు చెప్పింది తప్పు కాదు. తల్లి నేర్పిన వంటే అది.

ఆ పుస్తకాన్ని చించి పొయ్యిలో వేయొచ్చు అన్న ఆలోచన కూడా వచ్చింది. మీకు అన్నీ చెబుతానన్నాను కనుక ఇదీ చెబుతున్నాను.

ఇరవై ఒకటి, బుధవారం, పొద్దున పదిన్నర. ఈ ఏడాది రెండో కడాయి పొయ్యి మీద ఉంది. సుగుణమ్మ కొమ్ముల మీద పసుపు ఆకులు కప్పుతోంది. మిగతావాళ్లు చేను దగ్గర ఉన్నారు. నేను ఎదురుగా నిలబడి చెప్పాను. ఎర్ర దారం మూట గురించి, తెల్లదన్న మాట గురించి, పుస్తకంలో వరుస గురించి. ఎక్కువ మాటలు పట్టలేదు. ఇన్నేళ్లు మోసింది చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

సుగుణమ్మ ఆకులు కప్పడం ఆపలేదు.

"నాకెందుకు చెప్తున్నవక్కా. నాకు ఎర్కనే. పోయి నా బిడ్డకు చెప్పు."

ఎరిగి ఉంటే ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆ మాట అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. అప్పుడామె చేతులు ఆగాయి.

"నీ మాట మీద నా మాట ఎన్నడన్న నిలిచిందా?"

అంతే. మంట సరిచేయడానికి వంగింది.

నలభై ఒక్క చుక్కలు పెట్టాను నేను. ఎదురు తిరగడానికి దాచుకుందేమో అనుకున్నాను. ఆమె దాచుకున్నది ఏమీ లేదు. చెప్పినా ఎవరూ వినరని తెలిసి ఊరుకుంది. దాన్ని నేను కుట్ర అనుకున్నాను.

ఇంట్లోకి పోయి రూతుకు ఫోను చేశాను. వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, పనిలో ఉంది. ఆగమన్నాను. తల్లికి చెప్పిన వరుసలోనే చెప్పాను. ఏదీ తగ్గించలేదు. పొరపాటున అనే మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. తెలిసి చేశానన్నాను. గిన్నెల చప్పుడు దూరమైంది, బయటికి నడిచినట్టుంది. చివరికి అమ్మకు ఎర్కనా అని ఒక్కటే అడిగింది. ఆ రోజు నుంచే ఎర్క బిడ్డా అన్నాను. ఫోను పెట్టేసింది.

క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆ బరువు కూడా వాళ్ల మీదే పెట్టినట్టు అవుతుంది. ఆ రెండేళ్లు టిఫిన్ల దగ్గర గడిపిన పిల్లకు నేను ఏం తిరిగి ఇవ్వగలను? రాకుండా పోయిన రెండు క్రిస్మస్‌లు ఎవరు ఇస్తారు? నేను చెప్పినంత మాత్రాన ఏదీ సరికాదు. నాకు ఆ సంగతి తెలుసు.

శుక్రవారం గడువు గడిచింది. రూతు ఎవరి పేరు ఇచ్చిందో నాకు తెలియదు. కొత్త సీజన్ వచ్చే నెలలో మొదలవుతుంది. అప్పటిదాకా ఎదురు చూస్తాను. ఆ పొయ్యి పక్కన ఎవరు నిలబడితే వాళ్లను చూస్తాను. ఎవరూ నిలబడకపోతే అదీ చూస్తాను.

నిన్న శనివారం మూడో కడాయి ఎక్కించాం. సుగుణమ్మ వస్తుందనుకోలేదు. వచ్చింది. నన్ను అక్కా అని మాత్రం పిలవలేదు. నేను పొయ్యికి ఈ పక్క కూర్చుని కట్టెలు తోశాను. నురగ వచ్చేదాకా తల ఎత్తలేదు. ఆమె ఆ పక్క నిలబడి ఉంది. నా వైపు చూసిందో లేదో నాకు తెలియదు.